తీగకు గుచ్చిన ఉత్తరాలు

నవంబర్ వచ్చిందంటే పెన్షన్‌దార్లందరికీ ఒకటే పని. ఇంకా బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. ఈసారి ఆ జీవన్ ప్రమాణ్ కోసం మా పేటలో పోస్టాఫీసుకి వెళ్లాను. వేలిముద్ర ఒక పట్టాన పడదు. "బాబాయ్ గారూ, కాస్త తుడుచుకుని మళ్లీ పెట్టండి" అని కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా చెబుతూనే ఉంది. అంతలో లోపలి గదిలోంచి లక్క వాసన వచ్చింది.

ఆ వాసన తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొంచెం తియ్యగా మొదలై గొంతులో గరగరలాడుతుంది. తొంగి చూస్తే ఓ కుర్రాడు ఇన్సూర్డ్ కవరుకి సీలు వెయ్యబోతూ లక్క కడ్డీని సరాసరి కొవ్వొత్తి మంట మీద పెట్టేశాడు. నోరు ఊరుకోలేదు. "మంట మీద కాదు బాబూ, పక్కన పట్టు. మసి పట్టిందంటే ముద్ర సరిగ్గా పడదు" అన్నాను. "మీరు డిపార్ట్‌మెంటా సార్?" అని అడిగాడు.

డిపార్ట్‌మెంటే. అందులో కొన్నేళ్లు యూనిఫాం వేసుకుని కొండల్లో లక్క కరిగించిన డిపార్ట్‌మెంటు. ఆ మాట చెబితే వాడు నమ్మాడో లేదో గానీ, నాకు మాత్రం ఆ రోజంతా ఉత్తరాలే గుర్తొచ్చాయి. నేను చేరవేసినవి కొన్ని, అంతకంటే ముందు చిన్నప్పుడు ఇతరులకి చదివి పెట్టినవి ఎన్నో.

* * *

మా అమ్మమ్మ గారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఉత్త మాధవరం అంటే ఎవరికీ తెలీదు, మిలటరీ మాధవరం అనాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెబుతారు. ఊరు మొత్తం ఎంత, అందులో అంతమంది ఏమిటి అని బయటివాళ్లు నోరెళ్లబెడతారు. ఊళ్లోవాళ్లకి అదేం వింత కాదు. సుబేదారు గారి అరుగు, హవల్దారు గారి నుయ్యి, జమేదారు గారి కొబ్బరిచెట్టు. ఇంటిపేర్లతో పని లేకుండా ర్యాంకులతోనే దారి చెప్పేవాళ్లు. సెలవుకొచ్చినవాడి నల్ల ట్రంకుపెట్టె బస్సు టాపు మీంచి దిగుతోందంటే వెనకాల పిల్లలం పదిమందిమి.

వేసవి సెలవులూ పండగ సెలవులూ నావి అక్కడే. కాస్త తడుముకోకుండా చదవడం రాగానే నాకో ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం పోస్టుమాను వెళ్లిపోయాక వీధిలో ఎవరో ఒకరు "ఒరేయ్ మనవడా, ఓసారిలా రా" అని పిలిచేవాళ్లు. ఇంట్లో మగవాళ్లు పొలంలో, కొడుకు మిలటరీలో, చేతిలో ఇన్‌లాండ్ కవరు. విప్పి చదివిపెట్టాలి. కూలి కింద ఓ జంతికో, ఓ అటుకుల ముద్దో.

ఆ ఉత్తరాలన్నీ దాదాపు ఒకేలా మొదలయ్యేవి. పైన శ్రీరామ. "మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను." చదవకుండానే అప్పజెప్పెయ్యగలను. అయినా ముసలివాళ్లు ఆ ముక్కే రెండోసారి చదవమనేవాళ్లు. తర్వాత అసలు సంగతులు. గేదె ఈనిందా, ఊడ్పులు ఎంతవరకొచ్చాయి, మనియార్డరు అందిందా, చెల్లెలికి సంబంధం ఏమైంది. తను ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో, తుపాకీ పేలిందో లేదో ఒక్క ముక్క ఉండదు. చలి గురించి మాత్రం రాసేవాళ్లు. మన గోదావరి జిల్లాల వాడికి మంచు అంటే ఏం చెప్పాలో తెలియక "నూనె గడ్డకట్టిపోతుంది అమ్మా" అని రాశాడొకడు. ఆ ఒక్క వాక్యం వీధి వీధంతా వారం రోజులు చెప్పుకున్నారు.

ఇన్‌లాండ్ లెటర్లో ఓ మర్మం ఉంది. రాయాల్సిందంతా అయిపోయాక అంటించే మడత మీద కొంచెం జాగా మిగులుతుంది. పెళ్లైనవాడైతే అక్కడ చీమతలకాయలంత అక్షరాలతో భార్యకి రాసేవాడు. ఉత్తరం మామగారి పేరు మీద వస్తుంది, అత్తగారు ఎదురుగా కూచుంటుంది, కోడలు తలుపు చాటున నిలబడుతుంది. ఆ మడత దగ్గరికి రాగానే నేను "ఇట్లు మీ విధేయుడు" అని ముగించేసేవాణ్ని. ఎవరూ నేర్పలేదు, ఆ ముఖాలు చూస్తే తెలిసిపోయేది. సాయంత్రం కోడలు దొడ్డివైపు పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టి, "అది చదువు" అనేది. ఆ బెల్లం రుచి వేరే.

చదవడం అయ్యాక ఉత్తరం తీగకు గుచ్చేవాళ్లు. ఇప్పటి పిల్లలకి ఆ తీగ తెలీదు. వసారా దూలానికి ఒక ఇనప తీగ వేలాడేది, అడుగున చిన్న చెక్క బిళ్ల, పైన కొక్కెంలా వంచిన మొన. కొత్త ఉత్తరం పైన, పాతవి కింద. మడిచిన ఉత్తరానికి నడిమధ్యన గుచ్చడంతో విప్పినప్పుడు కాగితం మీద మూడు నాలుగు చోట్ల చిల్లులుండేవి. చిల్లు పడ్డచోట మాట పోయేది. ఓసారి ఓ బామ్మ పాత ఉత్తరం తీయించి చదివించుకుంది. "జీతం పెరిగింది, నెలకు" అని ఉంది, అంకె ఉండాల్సిన చోట చిల్లు. ఆవిడ ఇంకా పెద్ద మొత్తమే ఊహించుకుని సంతోషపడింది.

పంటలూ అప్పులూ పురుళ్లూ అన్నీ ఆ తీగ మీదే ఉండేవి. పెంకుటిళ్లు విప్పి డాబాలు కట్టుకున్నప్పుడు పాత సామానుతో పాటు ఆ తీగలూ పోయాయి. డాబాకి దూలాలు లేవుగా మరి, ఎక్కడ వేలాడదీస్తారు?

* * *

కవరు మీద చిరునామా ఒక నంబరు, పేరు, యూనిట్, ఆ కింద 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు, అని ఉండేది. కొందరికి 99 ఏపీవో. మా అమ్మమ్మ ఇంటెదురు పెద్దమ్మ దృష్టిలో యాభయ్యారు ఒక ఊరు. "గూడెంలో రైలెక్కితే ఆ యాభయ్యారు ఎన్ని రోజులురా?" అని అడిగేది. ఆవిడ కొడుకూ, ఆవిడ చెల్లెలి కొడుకూ ఇద్దరిదీ అదే చిరునామా. ఒకడు కాశ్మీరులో, ఇంకోడు రాజస్థాన్ ఎడారిలో. ఆవిడ బాధ వేరు. "ఒకే ఊళ్లో ఉండి ఒకడి మొహం ఒకడు చూసుకోరా? ఇద్దరూ ఏం తగువులాడుకున్నారో ఏమో!" అని చెల్లెల్ని నిలదీసిందట కూడా.

పెద్దయ్యాక ఆ 56 ఏపీవో కడుపులోకి వెళ్లి చూశాను గనక చెబుతున్నాను. అది ఢిల్లీలోని బేస్ పోస్టాఫీసు. 99 ఏపీవో కలకత్తాది. సైనికుడికి రాసే ఉత్తరం ముందు అక్కడికి చేరాలి. ఏ యూనిట్ ఈ రోజు ఎక్కడుందో వాళ్ల దగ్గర ఉంటుంది, రాసే తల్లికీ భార్యకీ తెలియాల్సిన పని లేదు. యూనిట్ ఎడారి నుంచి కొండలకి మారినా ఇంట్లోవాళ్లు చిరునామా మార్చక్కర్లేదు. ఫీల్డ్ పోస్టాఫీసు తారీఖు ముద్రలోనూ నంబరే తప్ప ఊరి పేరు ఉండదు. అంటే పెద్దమ్మ లెక్క మరీ తప్పేం కాదు. కాగితం మీద వాళ్లిద్దరూ ఒకే ఊళ్లో ఉన్నట్టే.

* * *

1971 డిసెంబర్. బంగ్లాదేశ్ యుద్ధం. ఊళ్లో ఒక్క రేడియో చుట్టూ యాభై మంది. విశాఖలో దీపాలార్పేస్తున్నారని, ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ అక్కడే మునిగిందని కబుర్లు. అప్పట్లో ఇన్‌లాండ్ మీద శరణార్థుల సహాయం కోసం అదనంగా అయిదు పైసల చిన్న స్టాంపు అంటించాలి. అది లేకుండా తెచ్చినవాళ్లని పోస్టుమాస్టరుగారు వెనక్కి పంపేవారు.

యుద్ధం అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక టెలిగ్రాం వచ్చింది. మా వీధి చివర ఇంటికి. గూడెం నుంచి సైకిలు మీద తెచ్చినతను అరుగెక్కకుండా వీధిలోనే నిలబడ్డాడు, అందులోనే సగం తెలిసిపోయింది.

మనవైపు చావు కబురు తెచ్చిన కాగితం ఇంట్లో ఉంచరు. చదివాక చింపేసి పారేస్తారు. టెలిగ్రామూ అలాగే చింపారు. ఆ తర్వాత కొద్ది రోజులకి పోస్టుమాను వచ్చి ఆ ఇంటి ముందు తచ్చాడాడు. చేతిలో ఉత్తరం. ఆ అబ్బాయి రాసిందే. యుద్ధానికి ముందెప్పుడో పోస్టులో పడింది, ఎక్కడెక్కడో తిరిగి అప్పుడొచ్చింది.

నన్నే పిలిచారు. మా అమ్మమ్మ నా వెనకాలే వచ్చి గుమ్మంలో కూచుంది. ఇక్కడ నేను క్షేమం అనే వాక్యం దగ్గర నాకు గొంతు పెగల్లేదు. వాళ్ల నాన్న నేల చూస్తూ "కానీ, చదువు" అన్నాడు. తర్వాతంతా పశువుల పాక గురించి. ఈసారి గడ్డి వద్దు, తాటాకు కప్పించండి, ఎంతవుతుందో కనుక్కుని రాయండి, పైకం పంపుతాను. అంతే.

ఇప్పుడు చిక్కొచ్చి పడింది. ఈ ఉత్తరాన్ని ఏం చెయ్యాలి? చింపాలా, తీగకు గుచ్చాలా? చావు కాగితమా, క్షేమ సమాచారమా? అక్కడున్న పెద్దవాళ్లు తలో మాటా అన్నారు. ఉంచితే అరిష్టం అని ఒకావిడ. తల్లి ఏమీ అనలేదు. మా అమ్మమ్మే లేచి, "రాసేటప్పుడు వాడు బతికే ఉన్నాడు కదే" అని ఉత్తరం తీసుకుని తీగకు గుచ్చేసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ ఏడు ఆ పాకకి తాటాకే కప్పారు.

ఈ కథకి ఇంకో కొస ఉంది. కొన్ని నెలల తర్వాత కాగితాల పని మీద ఏదో ఆఫీసుకెళ్తే గుమస్తా "టెలిగ్రాం ఏదీ?" అని అడిగాడట. చింపేశాం అంటే కోప్పడ్డాడట. ఉత్తరం చూపిస్తే అక్కర్లేదన్నాడట.

* * *

మా తాతయ్య రెండో యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో ఇటలీ దాకా వెళ్లొచ్చాడు. వంతెనలు కట్టే పని. యుద్ధం గురించి అడిగితే బురద గురించి చెప్పేవాడు. "మన చేల బురద కాలు లాగుతుంది, అక్కడి బురద లారీని లాగుతుంది" అని నవ్వేవాడు. అంతకు మించి లాగినా మాట వచ్చేది కాదు.

ఆయన పోయాక పెట్టె తీశాం. అడుగున అమ్మమ్మ పట్టుచీర, దాని మడతలో కాగితాలు. డిశ్చార్జి సర్టిఫికెట్ ఉంది, అందులో ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ మోకాలి మీద మచ్చ, ప్రవర్తన "వెరీ గుడ్". చదువు అన్నచోట రోమన్ ఉర్దూ అని రాసుంది. ఆ రోజుల్లో పటాలంలో నేర్పింది అదే, ఇంగ్లీషు అక్షరాల్లో హిందుస్తానీ. తెలుగు బడి ముఖం చూడని మనిషి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడంటే ఇదన్నమాట అని అప్పుడు తెలిసింది. మా మనవలు వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే నాకు కోపం రాదు. మా వంశంలో ఆ పని మొదలెట్టింది తాతయ్యే.

ఆ కాగితాల మధ్య చిన్న కార్డు ఒకటి దొరికింది. అచ్చు వేసిన ఇంగ్లీషు వాక్యాలు వరసగా ఉంటాయి. నేను బాగున్నాను. నన్ను ఆసుపత్రిలో చేర్చారు. గాయపడ్డాను, కోలుకుంటున్నాను. మీ ఉత్తరం, టెలిగ్రాం, పార్సిలు అందింది. త్వరలో ఉత్తరం రాస్తాను. అక్కర్లేని వాక్యాలు కొట్టేసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇంకేం రాసినా కార్డు నాశనం చేస్తాం అని పైనే హెచ్చరిక. బ్రిటిష్ సైన్యం మొదటి యుద్ధంలోనే ఈ పద్ధతి పెట్టింది. ముందు వరసల్లో ఉన్నవాడికి ఉత్తరం రాసే తీరిక ఉండదు, వచ్చిన ప్రతి కాగితాన్నీ చదివి సెన్సార్ చేసే తీరిక ఆఫీసరుకీ ఉండదు. రెంటికీ ఇదొక్కటే మందు.

తాతయ్య పెన్సిలు గట్టిగా నొక్కి గీతలు కొట్టాడు, వెనకవైపుకి గాడి పడింది. మిగిల్చిన వాక్యాలు రెండు. ఒకటి "నేను బాగున్నాను". ఇంకొకటి అడుగున ఉంది. "మీ నుంచి నాకు ఉత్తరం రాలేదు" అన్న వాక్యం చివర రెండు ముక్కలుంటాయి, ఈమధ్య అని ఒకటి, చాలా కాలంగా అని ఇంకొకటి. ఏదో ఒకటి కొట్టెయ్యాలి. ఆయన ఈమధ్య అన్నది కొట్టేశాడు.

అమ్మమ్మని అడిగాను, "ఇది వచ్చినప్పుడు ఎవరు చదివిపెట్టారు?" అని. బడిపంతులుగారట. ఆయన "నీ మొగుడు బాగున్నాడు" అని ఒక్కటే చెప్పి కార్డు చేతికిచ్చాడట. రెండో వాక్యం సంగతి ఆవిడకి నేను చెప్పేదాకా తెలీదు. కాసేపు కార్డు అటూ ఇటూ తిప్పి, "పంపిస్తూనే ఉన్నాంగా, చేరకపోతే నాదా తప్పు?" అని చిరాకు పడింది. అప్పటికి తాతయ్య పోయి మూడు నెలలు.

అన్ని ఉత్తరాలూ పోయి అదొక్కటే ఎందుకు మిగిలిందని ఆలోచిస్తే ఒకటే కారణం కనపడుతుంది. దాని మీద అచ్చక్షరాలున్నాయి. చూడ్డానికి సర్కారు కాగితంలా ఉంది. ఎప్పుడో దేనికో పనికొస్తుందని పెట్టెలో డిశ్చార్జి కాగితం పక్కన పెట్టారు. చేత్తో రాసినవి తీగకెక్కాయి, సీలు పడ్డవి పెట్టెకెక్కాయి. పెట్టెలు మిగిలాయి.

ఇంకో వింత కూడా ఉంది. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన భారతీయ సిపాయిల ఉత్తరాలు ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే అది సెన్సార్ వాళ్ల చలవ. సిపాయిలు ఏమనుకుంటున్నారో అన్న భయంతో కెప్టెన్ హొవెల్ అనే ఆయన్ని పెట్టి, ఉత్తరాల్లోంచి ముక్కలు ఇంగ్లీషులోకి మార్పించి నివేదికలు రాయించారు. అవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఎక్కువ పంజాబీలవీ పఠాన్లవీ, ఉర్దూ గురుముఖిల్లో రాసినవి. రాయడం రానివాడు చెబుతుంటే ఇంకొకడు రాసేవాడు, ఊళ్లో ఇంకొకడు చదివేవాడు, మధ్యలో సెన్సారు. సిపాయిలు తక్కువ తిన్నారా? మనవాళ్లని నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లని ఎర్ర మిరపకాయలనీ రాసి, నల్ల మిరియాలు అయిపోతున్నాయని ఇంటికి కబురు పెట్టారు. సెన్సారుకి అదీ తెలిసిపోయింది. ఆ ఉత్తరాలు అందుకున్న ఇళ్లలో ఎన్ని మిగిలి ఉంటాయి? అనుమానించినవాడే దాచాడు.

* * *

మా తమ్ముడు మిలటరీ పిచ్చిని వేరే దారిలో తీర్చుకున్నాడు. ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటొచ్చింది. విజయనగరం దగ్గర, రాజా పి.వి.జి. రాజు గారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962 జనవరిలో మొదలైన స్కూలు అది. సైనికుడంటే మాకు తెలిసింది సిపాయి, హవల్దారు, మహా అయితే సుబేదారు. ఆ స్కూలు పెట్టిందేమో పిల్లల్ని ఎన్‌డీయేకి, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి, తయారుచేసి ఆఫీసర్లని చెయ్యడానికి. తాతయ్యకి ఇది ఓ పట్టాన మింగుడు పడలేదు. "అంటే వీడొస్తే నేను లేచి సెల్యూట్ కొట్టాలా?" అన్నాడు. మీసం కింద నవ్వు మాత్రం దాగలేదు.

స్కూలు నుంచి తేవాల్సిన సామాన్ల జాబితా వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవ. దోమతెర, ట్రంకుపెట్టె, ఇన్ని జతల మేజోళ్లు, ఇన్ని చేతిరుమాళ్లు. "రుమాళ్లు ఇన్నా! వీడికేమైనా పడిశం రోగమా?" అని మా నాన్న. జాబితా పట్టుకుని గూడెం బజారంతా తిరిగాం. స్కాలర్‌షిప్‌కి ఆదాయం సర్టిఫికెట్ కోసం నాన్న తిరిగిన తిరుగుళ్లు ఇంకో కథ.

తమ్ముడి ఉత్తరాలు వారం వారం వచ్చేవి. మొదట్లో తెలుగులో, కన్నీటి చారలతో. ఇడ్లీ మనింట్లోలా లేదు, పొద్దున్నే పరిగెత్తిస్తున్నారు, నన్ను తీసుకుపోండి. నాలుగు నెలలయ్యేసరికి ఇంగ్లీషులోకి దిగాడు. ఐ యాం ఫైన్. ప్లీజ్ సెండ్ చెర్రీ బ్లాసమ్. అమ్మ "చెర్రీ ఎవర్రా?" అని కంగారుపడింది, బూట్ పాలిష్ అని చెప్పాక స్థిమితపడింది. ఉత్తరాలు రాను రాను పొట్టివయ్యాయి. తొమ్మిదో తరగతికొచ్చేసరికి తాతయ్య కార్డు కంటే ఎక్కువేం ఉండేది కాదు. బాగున్నాను, డబ్బు అందింది, ఫలానా తేదీన సెలవులు. అమ్మకి మాత్రం ఆ ఏడుపు ఉత్తరాలే ఇష్టం. వాటిని బియ్యం డబ్బా వెనకాల వేరే దాచుకునేది. ఆఫీసరయ్యాక వాడు వాటిని చూసి చింపెయ్యబోతే చెయ్యి మీద ఒక్కటేసింది.

* * *

నేను పోస్టల్ క్లర్కుగా చేరి, కొన్నాళ్లకి డిప్యుటేషన్ మీద ఆర్మీ పోస్టల్ సర్వీస్‌కి వెళ్లాను. అంతకుముందే, 1972 మార్చి 1న, అది సైన్యంలో సొంతంగా ఓ కోర్, అంటే ప్రత్యేక విభాగం, అయింది. నాగపూర్ దగ్గర కామ్ఠీలో శిక్షణ. తపాలా గుమస్తాకి డ్రిల్లు ఏమిటని అనిపించేది. బొజ్జలతో దిగినవాళ్లం బెల్టుకి కొత్త చిల్లులు పెట్టుకుని బయటపడ్డాం.

తర్వాత అరుణాచల్‌లో, తవాంగ్ వెళ్లే దారిలో ఒక ఫీల్డ్ పోస్టాఫీసు. పోస్టాఫీసంటే రేకుల గది, చలికాచుకునే ఒక బుఖారీ పొయ్యి, ఒక కౌంటరు, తూకం, స్టాంపుల పెట్టె. కలకత్తా నుంచి వచ్చిన సంచులు తేజ్‌పూర్ మీదుగా లారీల్లో పైకొచ్చేవి. 13,700 అడుగుల ఎత్తున సేలా కనుమ దగ్గర మంచు పడిందంటే లారీలు ఆగిపోయేవి. రోజులు గడిచేకొద్దీ జవాన్లు ఏ వంకతోనో పోస్టాఫీసు వైపొచ్చి పోతుండేవాళ్లు. రేషను ఆలస్యమైతే ఎవడూ అంత గొణగడు. దారి తెరుచుకుని సంచులు దిగిన రోజు పేర్లు పిలుస్తుంటే, ఒక్కడికే ఆరేడు ఉత్తరాలొచ్చేవి. తెలివైనవాళ్లు ముందు తారీఖు ముద్రలు చూసి వరసలో పెట్టుకునేవాళ్లు. లేకపోతే బిడ్డ బారసాల ముందు చదివి, పురుడు తర్వాత చదవాల్సొస్తుంది.

ఎండాకాలం చివర్లో మన ఆంధ్రా కుర్రాడికి ఇంటి నుంచి పార్సిల్ వచ్చింది. బట్టలో కుట్టి, పైన లక్క సీళ్లు వేసి, చూడముచ్చటగా ఉంది. లోపల ఆవకాయ సీసా పగిలింది. సంచి నోరు విప్పేసరికి గది నిండా ఆవపిండి ఘాటు. ఆ నూనె మిగతా ఉత్తరాలన్నిటికీ ఎక్కింది. పంజాబీ సుబేదారు సాబ్ కవరు సగం ఎర్రగా ఉంది. ఆయన వాసన చూసి, "ఇది నా భార్య రాసింది కాదు, ఎవరో కోపంగా రాసింది" అన్నాడు. ఆ కుర్రాడు తలెత్తలేదు. మిగిలిన ఆవకాయ గాజుపెంకులు ఏరుకుని తిందామని చూస్తే మా పోస్టుమాస్టరు తిట్టి మొత్తం పారబోయించాడు. ఆ కుర్రాడి కంటే నాకే ఎక్కువ ఏడుపొచ్చింది.

జీతాల రోజు మనియార్డర్ల వరస. ఫారం అడుగున కబురు రాయడానికి చిన్న కూపన్ ఉండేది. వేరే ఉత్తరం రాయడానికి బద్ధకించినవాళ్లు కూడా ఆ కూపన్ ఖాళీగా వదిలేవారు కాదు. నేను లెక్క సరిచూడాలి గనక కళ్లు పడేవి. "500 పంపాను. 200 ఎరువుకు, 200 షావుకారుకు, 100 నీకు. నీ వంద ఇంట్లో ఖర్చు చేయకు." ప్రేమలేఖలు సినిమాల్లో చూశాను గానీ, నాకు నచ్చింది మాత్రం ఇదే. కూపన్ చింపి డబ్బు తీసుకున్నవాళ్లకి ఇచ్చేవాళ్లు. ఆవిడ దాచుకుందో, తీగకి గుచ్చిందో.

* * *

ఇప్పుడు నా కాలక్షేపం మాజీ సైనికుల కాగితాలు సరిచెయ్యడం. పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్లాక పెద్దవాళ్లకి టెన్షన్ ఎక్కువైంది. పెళ్లైనప్పుడు యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్ వేయించేవాళ్లు, అంటే రికార్డులో ఎక్కించేవాళ్లు, భార్య పేరు అందులో ఎలా పడితే అదే శాశ్వతం. అక్కడ లక్ష్మమ్మ, ఆధార్‌లో మహాలక్ష్మి, బ్యాంకులో ఎం. లక్ష్మి. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ రాయించి రికార్డ్స్ ఆఫీసుకి పంపాలి.

మొన్న అలాగే ఒకావిడ స్వీటు డబ్బాలో కాగితాలు పెట్టుకొచ్చింది. భర్త ఆర్టిలరీలో నాయక్‌గా చేసి వచ్చాడు, పోయి ఏడాది అయింది. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు పీపీవో, పార్ట్ టూ ఆర్డర్ నకలు, అన్నీ వరసగా తీసి స్కాన్ చేస్తున్నాను. అడుగున నీలం ఇన్‌లాండ్లు కొన్ని, నడుమ తుప్పు చిల్లులతో. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూస్తుంటే ఆవిడ అడిగింది.

"అవి కూడా పంపాలా అన్నయ్యగారూ?"

"అక్కర్లేదమ్మా. వీటి మీద పేరు మహాలక్ష్మి అనే ఉంది, అయినా ఇవి వాళ్లకి చెల్లవు."

"పోనీలెండి, మంచిదే" అంది. "ఆ ఆఫీసువాళ్లు చదివితే నవ్విపోతారు. పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, ఆ మనిషి ఒక్క గేదె గురించే రాశాడు."

అఫిడవిట్ మీద వేలిముద్ర వేయించి, ఏదీ తప్పిపోకుండా అన్నీ డబ్బాలో సర్దిచ్చాను. రసీదు నంబరు కాగితం పైన పెట్టమంటే, ఆవిడ దాన్ని తీసుకెళ్లి ఉత్తరాల కింద పెట్టింది.